యాభై రెండో నిమిషం

పక్షవాతం వచ్చాక మా ఆయనకు మిగిలిన మాట ఒక్కటే. "కాదు."

టీ తాగుతారా అంటే కాదు. వద్దా అంటే అదీ కాదు. కిటికీ తెరిచి ఒకసారి, మూసి ఒకసారి ముఖం చూస్తే గాని ఏది కావాలో తెలిసేది కాదు. మనం అన్నవన్నీ ఆయనకు అర్థమవుతాయనీ, తిరిగి చెప్పే దారే మూసుకుపోయిందనీ డాక్టరు చెప్పారు.

ఆసుపత్రిలో మాటలు నేర్పే అమ్మాయి పేరు నిషివాకి. పిల్లి, గొడుగు, చెప్పులు బొమ్మలున్న అట్టలు ఒక్కొక్కటే ఆయన ముందు పెట్టేది. ఆయన ఒసాకా దగ్గరి సకాయ్‌లో ఒక అచ్చాఫీసులో ముప్ఫై ఎనిమిదేళ్లు రంగుల ముద్రణ చూశారు. పిల్లి బొమ్మ అంచు దగ్గర ఎరుపు వెంట్రుకవాసి పక్కకు జరిగిందని వేలితో చూపించారు తప్ప పిల్లి అనలేదు.

మూడో నెల చివర, ఆయన్ని ఇంటికి పంపించే వారంలో, నిషివాకి నన్ను వరండాలోకి పిలిచింది.

"అమ్మా, పిల్లి గురించి చెప్పాలని ఆయనకి లేదండీ. ఎదుటివాళ్లు తప్పు మాట్లాడితే ఆయన ఊరుకోలేని విషయం ఏదో ఒకటి ఉంటుంది కదా. అది పట్టుకోండి. వచ్చే మాటలన్నీ మొదటి ఆరు నెలల్లోనే వస్తాయి. తరవాత చాలా కష్టం."

"మూడు నెలలు అయిపోయాయి కదమ్మా."

"అందుకే చెప్తున్నా."

ఆయన ఊరుకోలేని విషయమేదో నాకు ఆలోచించాల్సిన పని లేకపోయింది. కుస్తీ. కుస్తీలోనూ ఒకే ఒక్క మనిషి, అకబోషి జిన్‌పాచి.

అకబోషి మెడలో ఎర్ర తువ్వాలుతో వచ్చేవాడు. తలుపు నుంచి రింగు దాకా నలభై అడుగులు కూడా ఉండవు, దానికి మూడు నిమిషాలు తీసుకునేవాడు. దెబ్బ తగిలితే గడ్డం ముందుకు పెట్టి ఇంకొకటి కొట్టమనేవాడు. అప్పుడు హాలంతా లేచేది. ఇంట్లో రోజుకు పది మాటలు మాట్లాడని మా ఆయన కూడా లేచి, గొంతు పోయేదాకా అరిచేవారు. పెళ్లయిన కొత్తలో మొదటిసారి అది చూసినప్పుడు, పక్కన కూర్చున్నది ఎవరా అనుకున్నాను.

ఆయన స్నేహితుడు ఇసోబె గారికి అకబోషి అంటే పడదు. ఇసోబె గారిది స్టేషను వెనక సెలూన్. కత్తెర ఆగినా నోరు ఆగని మనిషి. అలాంటి మనిషికి మినసె తోరు అంటే ప్రాణం. మినసె తల వంచుకుని ఆఫీసుకు వెళ్తున్నవాడిలా రింగులోకి వచ్చేవాడు, జనం వైపు చూసేవాడే కాదు. ఎదుటివాడి కాలో చెయ్యో దొరికితే పావుగంట వదలడు. అతని అభిమానులు అరవరు, ముందుకు వంగి చూస్తారు.

"మీవాడికి గడ్డం తప్ప ఏముందిరా కుగా? నేను రోజుకి ఇరవై గడ్డాలు చూస్తాను," అనేవారు ఇసోబె గారు, మా ఆయన మెడకు గుడ్డ కడుతూ.

"మీవాడి కుస్తీ నీ కుర్చీలాంటిదే. కూర్చోగానే నిద్రొస్తుంది," అనేవారు మా ఆయన.

కుస్తీ పందేల్లో ఎవరు గెలవాలో ముందే మాట్లాడుకుంటారని పేపర్లు అప్పుడప్పుడు రాసేవి. ఆ సెలూన్లో మాత్రం ఆ సంగతి ఎవరూ ఎత్తేవారు కాదు. తెలియక కాదు.

ఇద్దరి మధ్యా అసలు తగవు ఒక్క నిమిషం గురించి. ఇరవై ఐదేళ్ల క్రితం ఒసాకా పెద్ద హాల్లో అకబోషికీ మినసెకీ గంటసేపు పందెం జరిగింది, ఎవరూ గెలవలేదు. యాభై రెండో నిమిషంలో మినసె అకబోషి కాళ్లు రెండూ మెలేసి పట్టాడు. అకబోషి బోర్లా పడి, మోచేతుల మీద పాకి, రింగు చుట్టూ ఉండే తాడు పట్టుకున్నాడు. తాడు అందితే పట్టు వదలాలి, అది నియమం. తన ఒంట్లో చివరి బలంతో పాకి అందుకున్నాడని మా ఆయన అంటారు. మినసె కావాలనే పట్టు సడలించాడు, గంట నిండాలనీ, జనం ఎదుట అకబోషి పరువు పోకూడదనీ, అని ఇసోబె గారంటారు. టీవీలో వేసినప్పుడు సరిగ్గా ఆ నిమిషం ఉన్న పది నిమిషాల ముక్కా కత్తిరించేశారు. ఇక చూసినవాళ్ల మాటే సాక్ష్యం.

నేనూ ఆ హాల్లోనే ఉన్నాను. పందేనికి ముందు అభిమానులు రింగులోకి విసిరే, తమవాడి రంగు కాగితం రిబ్బన్లు సిద్ధం చేయడం ప్రతిసారీ నా పనే. చుట్ట మధ్యలో అట్టగొట్టం ఉంటుంది, అది తగిలితే మల్లయోధుడికి కన్ను పోతుంది. గొట్టం లాగేసి, కాగితం వదులుగా మళ్లీ చుట్టాలి, గాల్లోనే విచ్చుకోవాలి. ఆ రోజు ముప్ఫై ఎర్ర చుట్టలు చుట్టాను. యాభై రెండో నిమిషంలో మాత్రం ఒళ్లో భోజనం డబ్బాకు మూత పెడుతున్నాను. తల ఎత్తేసరికి అకబోషి చేతిలో తాడు ఉంది. ఈ సంగతి నన్నెవరూ అడగలేదు.

నిషివాకి చెప్పిన మర్నాడే సెలూన్‌కు వెళ్లాను. ఇసోబె గారు ఆసుపత్రికి ఒక్కసారే వచ్చారు. పువ్వులు పట్టుకుని మంచం దగ్గర నిలబడి, ఏడ్చి, వెళ్లిపోయారు. అందుకే నన్ను చూడగానే కళ్లు దించుకున్నారు.

"రావాలనే ఉంది హత్సుయో గారూ. వాణ్ణి అలా చూడలేను."

"చూడక్కర్లేదండీ. పోట్లాడండి చాలు."

"పడకలో ఉన్న మనిషితోనా?"

"మినసె గొప్పవాడని చెప్పండి. అకబోషిని ఎంత తిట్టగలరో అంత తిట్టండి."

ఆయన నా ముఖంలోకి చూసి, చేతిలోని దువ్వెన నీళ్లలో వేశారు. "అదెంత పని? ముప్ఫై ఏళ్లుగా చేస్తున్నదేగా."

సోమవారం సెలూన్లకు సెలవు. మధ్యాహ్నం సబ్బు, కత్తి, వేడి తువ్వాళ్లతో మా ఇంటికి వచ్చారు. మా ఆయన గడ్డానికి నురగ పూసి, మామూలుగా మొదలుపెట్టారు.

"మొన్నొకడు మీ అకబోషి గురించి అడిగాడ్రా. నేనన్నాను, అది కుస్తీ కాదు నాయనా, ఊరేగింపు అని."

"కాదు," అన్నారు మా ఆయన.

ఎప్పటి 'కాదు' కాదది. నురగలోంచి వచ్చింది, వాడిగా వచ్చింది.

"ఏంటి కాదు? వాడికి పట్టు ఒక్కటైనా వచ్చా?"

"కాదు. చెం... చెంప."

"చెంపదెబ్బా? చెంపదెబ్బ మా ఆవిడ కూడా కొడుతుంది!"

మా ఆయన నవ్వారు. సగం ముఖమే నవ్వింది. వంటింట్లో నిలబడి కుళాయి తిప్పేశాను, నా ఏడుపు వాళ్లకు వినిపించకూడదని.

తరవాతి సోమవారాలు లెక్కపెట్టుకుంటూ బతికాను. రెండో వారం 'తువ్వాలు' అన్నారు. మూడో వారం 'నిద్ర' అన్నారు. మినసె సంగతే. ఇసోబె గారు పగలబడి నవ్వారు. "అది మాత్రం మర్చిపోలేదురా దొంగా!" అయిదో వారం యాభై రెండో నిమిషం దగ్గరికి వచ్చారు. మా ఆయన ఎడమ చెయ్యి దుప్పటి మీద ముందుకు పాకింది, వేళ్లు మంచం ఇనుపకడ్డీని పట్టుకున్నాయి. "తనే," అన్నారు. "తనే... పాకి." రెండు మాటలు పక్కపక్కన రావడం అదే మొదలు. నిషివాకికి ఫోను చేసి చెబితే ఆ అమ్మాయి అటువైపు చప్పట్లు కొట్టింది.

రోజుకు మూడుసార్లు ఆయన రక్తపోటు చూసి నోటుపుస్తకంలో రాయడం నాకు అలవాటు. ఎర్ర గీత కింద తేదీ, నీలం సిరాతో అంకె. సోమవారం సాయంత్రాల్లో అంకె పైకి పోతోంది. ఆరో వారం నూట తొంభై దాటింది. మా వీధి డాక్టరు పుస్తకం తిరగేసి, సోమవారాల మీద వేలు పెట్టారు. "ఈ రోజున ఏం జరుగుతోందమ్మా? ఆయనకు ఆవేశం రానివ్వద్దు. ఇంకొకసారి వస్తే తట్టుకోలేరు."

ఇంటికి వచ్చి రెండు రోజులు ఆలోచించాను. కాలేజీలో చదువుకున్నదాన్ని, అంకె కళ్ల ముందుంటే లేనట్టు ఊరుకోలేను. మాట రాకపోయినా మనిషి ఉంటాడు అనుకున్నాను. అనుకోవడమే కాదు, ఏడో సోమవారం ఇసోబె గారు గుమ్మంలో చెప్పులు విప్పుతుండగా అడిగేశాను.

"ఈరోజు ఆయన్ని రెచ్చగొట్టకండి. బి.పి. బాగా పెరుగుతోంది. కాస్త మెత్తగా..."

ఆయన చెప్పు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయారు. "మెత్తగా అంటే?"

"మీకు తెలియదా ఏంటి."

ఆయన మళ్లీ చెప్పులు తొడుక్కున్నారు. అరగంటలో తిరిగి వచ్చారు, సంచిలో ఏదో ఉంది. గడ్డం గీశారు. మా ఆయన ముందుగానే సిద్ధంగా ఉన్నారు, కళ్లు మెరుస్తున్నాయి. ఎడమ చెయ్యి కడ్డీకి దగ్గరగా పెట్టుకున్నారు. పోయిన వారం ఆగిన చోటునుంచి మొదలుపెట్టాలని.

ఇసోబె గారు కత్తి తుడిచి, మడిచి, మంచం పక్కన కూర్చున్నారు.

"ఒరే కుగా. ఆ యాభై రెండో నిమిషం గురించి చాలా ఆలోచించానురా."

"కాదు," అన్నారు మా ఆయన హుషారుగా. ఇంకా ఏమీ వినకుండానే.

"నువ్వన్నదే నిజం. మినసె వదల్లేదు. అకబోషి తనే పాకాడు. అంత గుండె ఇంకెవరికీ లేదు. వాడే గొప్పోడు."

సంచిలోంచి కాగితం చుట్ట తీసి దుప్పటి మీద పెట్టారు. ఎర్రది. నేను వంగి చూశాను. ఎంత కంగారులో ఉన్నా, మధ్యలో గొట్టం లాగేసి, వదులుగా చుట్టి తెచ్చారు. ఆ చేతులతో ముప్ఫై ఏళ్లు మినసె కోసం నీలం కాగితమే చుట్టారు.

ఆ తరవాత జరిగింది నేనొక్కదాన్నే పూర్తిగా చూశాననుకుంటాను, ఎందుకంటే ఇసోబె గారు కళ్లు దించేసుకున్నారు. కావాలని ఓడిపోయే మనిషి ఎలా పడతాడో మా ఆయనకు తెలుసు. దెబ్బ తగలకముందే వాడి కళ్లు మూతపడతాయి. ఆ ఒక్క ఆనవాలు కోసం ఆయన వందల పందేలు చూశారు. ఆయన చూపు ఇసోబె గారి రెప్పల మీద ఆగింది. అక్కణ్ణుంచి కాగితం చుట్ట మీదికి, ఆ తరవాత నా మీదికి వచ్చింది. నేను తువ్వాలు మడుస్తున్నాను. ఆ క్షణంలో ఆయనకు మేమిద్దరం గుమ్మంలో అనుకున్నది తెలిసిపోయింది. తన స్థితి ఏమిటో కూడా తెలిసిపోయింది. ఇసోబె లాంటివాడు కావాలని ఓడిపోతున్నాడంటే తన పని ఎంత అయిపోయినట్టు!

'కాదు' అంటారని ఎదురు చూశాను. నోరు కొంచెం తెరుచుకుంది, మూసుకుంది. కడ్డీ మీది చెయ్యి తీసి దుప్పటి కిందికి పెట్టుకున్నారు.

ఆ సాయంత్రం అంకె నూట ముప్ఫై ఎనిమిది. పుస్తకంలో రాశాను.

ఎనిమిదో సోమవారం ఇసోబె గారు తప్పు దిద్దుకుందామని వచ్చారు. "పోయినవారం ఊరికే అన్నాన్రా! అకబోషి ఒట్టి గడ్డం! వినపడుతోందా?" గొంతు పెంచారు. మా ఆయన గడ్డం గీయించుకున్నారు, మర్యాదగా, కొత్త సెలూన్లో కూర్చున్నట్టు. తొమ్మిదో వారం ఇసోబె గారు గీస్తూ ఏమీ మాట్లాడలేదు. గుమ్మంలో నాతో, "నేను వాణ్ణి చంపేశాను హత్సుయో గారూ," అన్నారు. "మీరు కాదు, నేను" అనాల్సింది. అనలేదు. ఆయన తొడుక్కోవడానికి వీలుగా చెప్పులు తిప్పి పెట్టాను.

పదో వారం నుంచి రాలేదు. నేనూ పిలవలేదు. ఆరు నెలలు నిండాయి. ఆసుపత్రిలో ఆఖరి పాఠం రోజు నిషివాకి పిల్లి బొమ్మ పెట్టింది. ఆయన దానిలో తప్పు కూడా చూపించలేదు. టీ తాగుతారా అంటే ఇప్పుడు తల ఊపుతారు. వద్దా అన్నా ఊపుతారు. చూడవచ్చిన చుట్టాలు, ఎంత నెమ్మదిగా ఉన్నారో అని మెచ్చుకుంటారు.

నిన్న సోమవారం. గడ్డం నేనే గీశాను, చెంప మీద చిన్నగా గాటు పడింది. జావ చల్లారుతుంటే ఎదురుగా కూర్చుని, ఈ ఇరవై ఐదేళ్లలో ఎవరికీ చెప్పని మాట చెప్పాను. అది అబద్ధం.

"ఆ రోజు నేను కళ్లారా చూశానండీ. యాభై రెండో నిమిషంలో. మినసె పట్టు వదిలేశాడు. మీ అకబోషి పాకలేదు. వాడికంత సత్తా ఎక్కడిది?"

ఆయన నన్ను చూశారు. చాలాసేపు చూశారు. నేను ఆ సమయంలో డబ్బా మూత పెడుతున్నానని ఆయనకు తెలుసునని అప్పుడు నాకు అర్థమయింది. పక్కనే కూర్చున్న మనిషికి తెలియకుండా ఎలా ఉంటుంది? కాదు అనండి, ఒక్కసారి అనండి అని లోపల్లోపల అడుక్కున్నాను.

ఆయన నా మనసు కష్టపెట్టకూడదన్నట్టు మెల్లగా, అవునని తల ఊపారు. తరవాత జావ కోసం నోరు తెరిచారు.