వెళ్ళొద్దాం

నేను ఒక తోలు పట్టీని. కళ్ళు కనిపించని మనిషికి దారి చూపే కుక్క వీపుకు నన్ను కడతారు. పైన నాకో పొడవాటి పిడి ఉంది. ఒక కొస కుక్క, ఇంకో కొస మనిషి. ఇద్దరి గుండెదడా నాకు తెలుస్తుంది కానీ నన్నడిగే నాథుడే లేడు.

శిక్షణ కేంద్రంలో నా పక్క మేకులకు వేరే పనులు నేర్చిన కుక్కలకు తొడిగే కోట్లు వేలాడేవి. వాటి గొప్పలు వినలేక చచ్చేదాన్ని. కుక్కర్ కూత వేస్తే, చెవులు వినిపించని ఇల్లాలిని తట్టి లేపే కుక్క తనదని ఒకటి. చక్రాల కుర్చీలో ఉన్నాయన తాళాలు జారవిడిస్తే నోటితో అందించేది తనదని ఇంకోటి. నేను మొదట ఒక లెక్చరర్ గారి దగ్గర పనిచేశాను. ఆయన కుక్క ముసలిదయ్యాక నన్ను బెల్లం అనే కుర్రకుక్కకు కట్టి, కాకినాడ నుంచి శిక్షణకు వచ్చిన మందాకిని చేతికిచ్చారు.

మందాకిని ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటర్. ఇన్నాళ్ళూ అన్న స్కూటరు మీద దింపేవాడు. ఇప్పుడతనికి కర్నూలు బదిలీ అయింది. బెల్లంతో కుదరకపోతే ఆమె ఉద్యోగం మానేసి అన్న వెంట వెళ్ళాల్సిందే.

కేంద్రంలో ఆమె 'పద' అంటే చాలు, బెల్లం నడిచేది. ఇంట్లో మేనత్త కామేశ్వరమ్మకు ఆ మాట గిట్టలేదు.

"గడప దాటుతూ పద ఏంటే! వెళ్ళొద్దాం అనాలి."

మందాకిని బుద్ధిగా అలాగే అనేది. బెల్లం గుమ్మంలోనే చతికిలబడేది. బతిమాలినా లేవదు. దీనికి పొగరని ఒకరు, బద్ధకమని ఒకరు. చివరికి శిక్షకుడు ఇమ్మానుయేల్ గారు దాన్ని తీసుకుపోవడానికి వచ్చారు.

"మీకూ దానికీ కుదర్లేదండీ, ఏం చేత్తాం" అంటూ నా పిడి పట్టుకుని "పద" అన్నారు. బెల్లం లేచింది.

మందాకిని ఆగలేకపోయింది. దాని మెడ కౌగిలించుకుని "వెళ్ళొద్దే బెల్లం!" అని ఏడ్చింది.

బెల్లం ఠక్కున కూర్చుంది. ఆయన మళ్ళీ 'పద' అన్నా కదల్లేదు. అచ్చం రోజూ కూర్చున్నట్టే.

మందాకిని ఏడుపు ఆగిపోయింది. "అత్తా! నేను వెళ్ళొద్దాం అంటుంటే ఇది కేంద్రంలో నేర్పిన వెళ్ళొద్దు అనుకుంటోందత్తా! రోజూ నా మాట వింటూనే ఉంది!"

కామేశ్వరమ్మ బుగ్గలు నొక్కుకుంది. "అయితే నువ్వు పద అనుకో తల్లీ. వెళ్ళిరండని వెనకనించి నేనంటాలే."

నాకు ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు ముగ్గురం బయల్దేరాం. వీధి మలుపులో బెల్లం ఆగింది. పద అన్నా కదల్లేదు. పిడి మీద పట్టు ఇంకా బిగిసింది. మందాకిని మెల్లగా కాలు చాచి చూసింది. అక్కడ నేల లేదు. ఎవరో మహానుభావులు కాలువ మీది పలక తీసి, మళ్ళీ మూయడం మరిచిపోయారు.

"సరే తల్లీ, నువ్వెటంటే అటే" అంది మందాకిని. నా మీద ఆమె పట్టు మొదటిసారి వదులైంది. అలా వదులుగా పట్టుకునే ఆసుపత్రి దాకా నడిచింది.

సీట్లో కూర్చోగానే ఫోనందుకుంది.

"చేరిపోయానన్నయ్యా. ఇక నీ సామాను ఒక్కటే సర్దుకో."