కారణం కనబడలేదు

నా నోరు మంచిది కాదని మా ఇంట్లో తెలుసు, ఆఫీసులోనూ తెలుసు. పెళ్లయిన ఇరవై ఎనిమిదేళ్లలో మా ఆయన దానికి అలవాటు పడిపోయాడు. పొద్దున్నే నాలుగు తిట్లు పడకపోతే తనకు కాఫీ దిగదని అందరి ముందూ అంటాడు. నేనూ నవ్వేస్తాను. నోరు ఎలాంటిదైతేనేం, మనసు మంచిదని నా గురించి నేనే చెప్పుకుంటూ తిరిగాను ఇన్నాళ్లూ. ఈ మధ్య ఆ మాట అనడం మానేశాను.

మాది పటాలు గీసే ఆఫీసు. సర్వే వాళ్లు కొలతలు తెస్తారు. ఏ గట్టు ఎక్కడుందో, ఏ కాలువ ఎటు మళ్లుతుందో చూసుకుని మేము గీస్తాం. నేను చేరినప్పుడు పెన్నుతో గీసేవాళ్లం. పటం మీద పేర్లు రాయాలంటే నన్నే పిలిచేవాళ్లు, నా అక్షరాలు అంత కుదురుగా ఉండేవి. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. నా బల్ల కింద పదకొండేళ్లు ఒకటే డెస్క్‌టాప్. దాని రొద నాకు తెలుసు, నా కోపం దానికి తెలుసు. మొన్న వానాకాలంలో దాన్ని పట్టుకుపోయి, చేతిలో ఒక లాప్‌టాప్ పెట్టారు.

"ఈ పలకలోనా కాలువలన్నీ గీయాల్సింది? నా కళ్లేమైనా అద్దెకు తెచ్చుకున్నానా?" అని అరిచాను.

తెచ్చిన మనిషి వైర్ల కట్ట విప్పడం మొదలెట్టాడు. మా ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునేది ఆయనే. ఆయన్ని ఒక ఏజెన్సీ వాళ్లు మా దగ్గర పెట్టారు, ఏటేటా కాంట్రాక్టు పొడిగిస్తారు. అందరూ వైర్ల మాస్టారు అంటారు. నెరిసిన తల, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక నల్ల టేపు చుట్ట. నా బల్ల మీద అరచేతి పొడవున్న ఒక నల్ల పెట్టె పెట్టి, దాని వెనక ఒక్కో వైరూ గుచ్చుతూ నిదానంగా చెప్పాడు.

"దీన్ని డాకింగ్ స్టేషన్ అంటారు మేడమ్. డాక్ అంటే చాలు. రెండు మానిటర్లు, కీబోర్డు, మౌస్, నెట్టు, అన్నీ దీనికే తగిలించి ఉంటాయి. పొద్దున రాగానే మీరు ఈ ఒక్క వైరు లాప్‌టాప్‌కి పెట్టుకోండి. మూత మూసేసి పక్కన పెట్టేయండి. ఇంక మీ డెస్క్‌టాప్ మీకు వచ్చేసినట్టే."

వైరు పెట్టాడు. రెండు మానిటర్లూ వెలిగాయి. నా కాలువ ఒక దాంట్లో మొదలై రెండో దాంట్లోకి పారింది. పాత డెస్క్‌టాప్‌కి ఎప్పుడూ అంత చోటు లేదు. లోపల సంబరపడ్డాను. పైకి మాత్రం, "చూద్దాం, ఎన్నాళ్ల ముచ్చటో" అన్నాను.

ఇక్కడ నా అలవాటు ఒకటి చెప్పాలి. ఇంట్లో ఏ మిషన్ వచ్చినా దానికి తొడుగు కుడతాను. మిక్సీకి ఉంది, కుట్టుమిషన్‌కి ఉంది, టీవీ రిమోట్‌కి కూడా ఉంది. "ఒకరోజు లేచేసరికి నన్నూ తొడుగులో పెట్టి కుట్టేసి ఉంటావు" అంటాడు మా ఆయన. ఆఫీసులో పాత పటాల దుమ్ము. అందుకని ఆ ఆదివారమే డాక్ కొలతలకి తొడుగు కుట్టాను. బయట నీలం పూల గుడ్డ, లోపల దూది పొర, దాని కింద అస్తరు. వైర్లకి తప్ప ఇంకెక్కడా సందు లేదు. సోమవారం తొడిగితే అచ్చంగా సరిపోయింది. ఎదుటి సీట్లో ఉండే పెన్సిల్, అంటే అంత సన్నగా ఉంటాడని ఆ పేరు, "అక్కా, దానికి చలేస్తోందా?" అని నవ్వాడు. నోర్మూసుకుని సర్వేకి పొమ్మన్నాను. పోయాడు, అతనికి రోజూ బయటే పని.

ఆ రోజు పదకొండున్నరకి రెండు మానిటర్లూ ఒకేసారి నల్లబడ్డాయి. ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. లాప్‌టాప్ మూత తెరిచి మళ్లీ మొదలెట్టేసరికి గంట పని గంగలో కలిసింది. వైర్ల మాస్టారుకి ఫోన్ చేశాను.

ఆయన కింద స్టోర్‌రూమ్ నుంచి రావాలి. వచ్చేలోపు నేను తొడుగు తీసి, మడిచి, సొరుగులో పెట్టాను. బాగుచేసే మనిషి వస్తుంటే మిషన్ మీద గుడ్డ తీసి, చుట్టూ తుడిచి ఉంచాలని చిన్నప్పటి నుంచీ అలవాటు. పెన్సిల్‌లాగా ఈయనా నవ్వుతాడేమోనన్న సిగ్గు కూడా కొంత ఉంది, ఇప్పుడు దాచడం ఎందుకు.

ఆయన వచ్చి వైరు తీసి మళ్లీ పెట్టాడు. మానిటర్లు వెలిగాయి. అరగంట పక్కనే కూర్చున్నాడు. ఏమీ కాలేదు.

"బాగానే ఉంది మేడమ్" అని వెళ్లాడు. తొడుగు మళ్లీ వేశాను. రెండు గంటల్లో మళ్లీ ఆగిపోయింది.

అలా మూడు వారాలు. ఆయన వైరు మార్చాడు, ప్లగ్గు మార్చాడు, డాకే మార్చాడు, అదీ చాలదని ఇంకోసారి మార్చాడు. ఆయన ఉన్నంతసేపూ బుద్ధిమంతురాలిలా నడిచేది. ఆయన మెట్లు దిగాక మొరాయించేది. నాకు ఒళ్లు మండిపోయేది. చివరికి ఒకరోజు సెక్షన్ అంతా వింటుండగా అడిగాడు.

"ఏమనుకోకండి మేడమ్. నేను లేనప్పుడు దాని మీద ఏమైనా పెడుతున్నారా?"

తొడుగు నా మోకాలి పక్కన, సొరుగులో ఉంది. పెట్టడమంటే ఫైళ్లు పెట్టడం, టీ కప్పు పెట్టడం. తొడుగు పెట్టడం కాదు కదా, అది వేయడం. అప్పుడు నాకు నేను అలాగే చెప్పుకున్నాను. నిజానికి అంత ఆలోచన కూడా లేదు, నన్ను అనుమానించాడన్న కోపం తప్ప.

"ఏమీ పెట్టట్లేదు! నాకేం పనీపాటా లేక పాడుచేసి పిలుస్తున్నానా? చేతకాకపోతే చేతకాదని చెప్పండి మాస్టారూ, నా మీద తోయకండి."

ఆయన మొహం చిన్నబోయింది. "అలా అనలేదు మేడమ్" అని టేపు జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే మేనేజర్‌కి ఉత్తరం రాశాను. మెయిల్ కాదు, కాగితం మీద, నా కుదురైన అక్షరాలతో. ఇతనికి పని రాదు, పైగా తప్పు మాదే అన్నట్టు మాట్లాడతాడు, వేరే మనిషిని ఇవ్వండి. మర్నాడు మధ్యాహ్నం మేనేజర్ నన్ను పిలిచి, "మీ చేతిరాత ఇప్పటికీ ఏమీ మారలేదు మేడమ్" అని మెచ్చుకున్నాడు. మాస్టారి కాంట్రాక్టు ఈ నెలాఖరుకి పొడిగించాల్సి ఉందని, ఇలాంటి ఉత్తరం ఉంటే పొడిగించడం కష్టమని కూడా చెప్పాడు. విన్నాను. విని, నా సీటుకి వచ్చి డబ్బా తెరిచి అన్నం తిన్నాను.

నాలుగు రోజుల తర్వాత తొడుగు అంచున ఒక దారం ఊడి వేలాడుతుంటే, ముడి వేద్దామని తొడుగు పట్టుకుని పైకి లాగాను. వేళ్లు డాక్‌కి తగిలి చురుక్కుమన్నాయి. ఇస్త్రీపెట్టె తగిలినట్టే ఉంది. పెట్టె పైనా పక్కలా వరసగా సన్నని చిల్లులున్నాయి, గాలి ఆడడానికి. అంతకుముందు వాటిని చూశాను, అందం కోసం పెట్టారనుకున్నాను. దూది పొర పట్టుకుని చూస్తే అది కూడా వేడెక్కి ఉంది.

ఆ రోజు మళ్లీ తొడుగు వేయలేదు. సాయంత్రం దాకా మానిటర్లు రెప్ప వేయలేదు. మర్నాడూ అంతే. ఆగితే బాగుండునని మొక్కుకోవడం ఒక్కటే తక్కువ, ఒక్కసారి ఆగినా నా తప్పు లేనట్టే కదా. ఆగలేదు.

గురువారం మేనేజర్ గదికి వెళ్లాను. చెప్పేద్దామనే వెళ్లాను. "ఉత్తరం సంగతేనా మేడమ్? ఏజెన్సీకి పంపేశాం. రేపే ఆయనకి ఆఖరి రోజు. సోమవారం కొత్త మనిషి వస్తారు" అన్నాడు. వచ్చే వారం ఒకరోజు సెలవు కావాలని అడిగి బయటికి వచ్చాను. సెలవుతో నాకేం పని లేదు.

ఇంటికెళ్లి మా ఆయనకి చెప్పాను. మొదట విరగబడి నవ్వాడు. "అయితే నీ తొడుగు వల్ల మిషన్‌కి ఊపిరాడలేదన్నమాట!" అన్నాడు. తర్వాత నవ్వు ఆపి, "మరి ఆయనకి చెప్పావా?" అని అడిగాడు.

"చెప్తాను, చెప్పనన్నానా? నా ప్రాణం తీయకు!"

"నా మీద లేచే నోరు అక్కడెందుకు లేవలేదే?"

వంటింట్లోకి వెళ్లి, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను.

శుక్రవారం మధ్యాహ్నం తొడుగు చేతిసంచిలో పెట్టుకుని కిందికి దిగాను. ఇన్నేళ్లలో స్టోర్‌రూమ్‌లోకి నేను వెళ్లడం అదే మొదలు. కిటికీ లేదు. ఒక మూల అట్టపెట్టెలు, ఇంకో మూల పాత కీబోర్డులు. బల్ల మీద రెండు డాకులు, రెంటికీ ఒక్కో లాప్‌టాప్, రెండేసి మానిటర్లు తగిలించి ఉన్నాయి. నా దగ్గర నుంచి పాడయ్యాయని తెచ్చినవే. అన్నీ వెలుగుతున్నాయి.

మాస్టారు లేచి నిలబడి, ఉన్న ఒక్క కుర్చీ నా వైపు జరిపాడు.

"మీ పాత డాకులు మేడమ్. ఆరు రోజుల నుంచి నడుస్తూనే ఉన్నాయి. గంటగంటకీ చూసి రాశాను. ఒక్కసారీ ఆగలేదు." పక్కనున్న రిజిస్టర్ నాకేసి తిప్పాడు. తేదీ, సీటు, ఫిర్యాదు, కారణం అని గళ్లు గీసి ఉన్నాయి. నా సీటు ఎదురుగా పద్నాలుగు సార్లు ఒకటే మాట, కారణం కనబడలేదు.

"ఈ రోజు ఆఖరు కదండీ, ఇంకెందుకు ఇదంతా?" అన్నాను.

"వెళ్లేలోపు తెలుసుకుందామని మేడమ్. పంతొమ్మిదేళ్లయింది ఈ పనిలో. ఇన్నాళ్లూ ఏది పట్టుకున్నా దొరికేది. ఇది మాత్రం..." అని కళ్లజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. "వయసు మీద పడి చూపు ఆనట్లేదేమో, చేసే పనే మర్చిపోతున్నానేమో అని భయం వేసింది. మా అమ్మాయితో కూడా అన్నాను, నాకింక పని చేతకావట్లేదేమో అని."

నేను సంచిలోంచి తొడుగు తీశాను. ఆయన ఎదురుగానే వెలుగుతున్న డాక్‌కి తొడిగాను. అచ్చంగా సరిపోయింది. అంత సిగ్గు నాకు పుట్టి బుద్ధెరిగాక లేదు.

ఆయన ముందుకి వంగాడు. తొడుగు అంచు ఎత్తి, లోపలి దూది పొరని రెండు వేళ్లతో నొక్కి చూశాడు. నవ్వుతాడనుకున్నాను, తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే ఇద్దరం ఒక దారిన పడేవాళ్లం.

"నేను అడిగాను కదా మేడమ్" అన్నాడు.

అంతే అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. తప్పయిపోయిందన్నాను, క్షమించమన్నాను, ఇప్పుడే పైకి రండి, అందరి ముందూ చెబుతానన్నాను. ఆయన రానన్నాడు. నేనే వెళ్లి మేనేజర్ గది తలుపు తెరిచి పెట్టి, సెక్షన్‌కంతా వినబడేలా చెప్పాను. ఎవరూ తల ఎత్తలేదు. పెన్సిల్ ఆ రోజు ఖర్మకొద్దీ సీట్లోనే ఉన్నాడు, చలి జోకు వేయలేదు. మేనేజర్ ఏజెన్సీకి ఫోన్ చేశాడు. పనిలోంచి తీసేయడం ఆగింది కానీ, మా ఆఫీసుకి వేరే మనిషి ఖాయమైపోయిందట. ఆయన్ని ఊరి అవతల గోడౌన్‌కి వేస్తామన్నారు. రెండు బస్సులు మారి పోవాలి.

మళ్లీ కిందికి దిగి ఆ మాట చెప్పాను. తల ఊపి, "ఆ తొడుగు నాకు కావాలి మేడమ్. ఏజెన్సీలో చూపించాలి" అన్నాడు. దాన్ని జాగ్రత్తగా మడిచి తన డబ్బా సంచిలో పెట్టుకున్నాడు. తర్వాత రిజిస్టర్ నా ముందుకి జరిపి, పెన్ను ఇచ్చాడు.

"ఇక్కడ కూడా రాయండి. కారణం గడిలో. కనబడలేదని వదిలి వెళ్లడం నాకు ఇష్టం లేదు."

రాశాను. డాక్‌కి నేను తొడుగు వేశాను, గాలాడక వేడెక్కి ఆగింది, అడిగితే లేదని అబద్ధం చెప్పాను. కింద నా పేరు, సంతకం. ఎంత కుదురుగా రాద్దామన్నా అక్షరాలు వంకర్లు పోయాయి. ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివి, "సరే మేడమ్" అని రిజిస్టర్ మూశాడు.

సోమవారం కొత్తగా ఒకావిడ వచ్చింది. పదకొండింటికి నా మౌస్ కదలకపోతే ఫోన్ చేశాను. ఆవిడ రిజిస్టర్ చంకలో పెట్టుకుని పైకి వచ్చి, నా డాక్‌ని చూసి, నన్ను చూసి, పెదవి బిగించుకుని నవ్వు ఆపుకుంది.

"ఇందులో రాసింది... మీరేనా మేడమ్?"

సెక్షన్‌లో టైపింగ్ చప్పుడు ఆగిపోయింది.

"నేనే" అన్నాను. "ముందు సొరుగు కూడా తెరిచి చూసుకో అమ్మా. తర్వాతే నా మాట నమ్ము."