బుంగమూతి గొంతు

"తాళాలు, చిల్లర, ఉంగరం... ఆ చొక్కా జేబులో పెన్ను ఎవరి కోసం దాచావయ్యా?" అంది వదిన. ఫిట్టర్ నాలిక కరుచుకుని, పెన్ను తీసి చెక్కపెట్టెలో తన గడిలో వేశాడు.

ఇంజన్ పరీక్షగది గుమ్మం దగ్గర ఆమె ఉద్యోగం అదే. లోపలున్న ఇంజన్ తిరగడం మొదలుపెట్టిందంటే ఎదుట ఏది జారిపడినా గుటుక్కున మింగేస్తుంది. అందుకే అందరూ జేబులు ఖాళీ చేసి వెళ్లాలి. ఫోర్‌మన్ భార్య కాబట్టి చిన్నా పెద్దా అందరికీ ఆమె వదినే.

చివర్లో ఫోర్‌మన్ వచ్చాడు. వినికిడి మిషన్ తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"నా చెవి జాగ్రత్త."

"ఉన్నప్పుడు మాత్రం నా మాట ఏం విన్నారు గనక!"

ఆయన ఆమె పెదవులు చూసి నవ్వాడు.

ఆ చెవులు పాత ఇంజన్లకు బలైపోయాయి. ఆ ఇంజన్లు వీధి చివరిదాకా కీచుమని అరిచేవి. పెళ్లైన కొత్తలో ఆయన ఇంటికొచ్చి "ఉప్పు!" అని అరిస్తే పక్కింటివాళ్లు ఉలిక్కిపడేవారు. ఆమె సిగ్గుతో కిటికీలు మూసేది. చెవిలో చెప్పుకోవాల్సిన మాటలన్నీ ఇద్దరూ అరిచే చెప్పుకున్నారు. తలచుకుంటే ఆమెకు ఇప్పటికీ నవ్వొస్తుంది. తర్వాత ఈ మిషన్ వచ్చింది. ఆపకుండా సొరుగులో పెట్టి మూస్తే సన్నగా కూత పెట్టేది. "ముందు దాని నోరు మూయించండి!" అని ఆమె తిట్టేది.

ఇప్పటి ఇంజన్ వేరు. బరువులు మోసే పెద్ద విమానం కోసం కొత్తగా చేసింది. ముందున్న పెద్ద పంకా తోసే గాలిలో చాలాభాగం మంటల్లోకి పోకుండా పక్కల నుంచే వెనక్కి పోతుంది. అందుకే బలం ఎక్కువ, రొద తక్కువ. దాని వెడల్పాటి మూతి చూసి బుంగమూతి అని పేరు పెట్టింది ఫోర్‌మనే. పాపం, దాని గొంతు మాత్రం ఆయన ఒక్కసారీ వినలేదు. అద్దం వెనక కూర్చుని, అద్దానికి అరచెయ్యి ఆనించి, దాని అదురు చూసేవాడు, అంతే.

ఇవాళ ఆఖరి పరీక్ష. గట్టెక్కితే బుంగమూతి విమానం రెక్క కిందికి వెళ్లిపోతుంది. ఆయన ఉద్యోగానికీ ఇవాళే ఆఖరు.

"మంచి జోరు మీదున్నప్పుడు బయటికొస్తాను. ఇక్కడ నిలబడి ఇద్దరం విందాం," అన్నాడు.

"రాకపోతే ఊరుకోను."

బుంగమూతి మేలుకుంది. పెట్టెలో చిల్లర గలగలమంది. గొంతు పెరిగింది గానీ అరుపు కాలేదు. పక్కింట్లో తిరగలి తిప్పుతున్నట్టు నిండుగా, నిదానంగా హోరెత్తింది. ఆమె ఒళ్లు పులకరించింది. మిషన్‌లో కొత్త బ్యాటరీ వేసి, ఆన్ చేసి, ఆయన గడిలో సిద్ధంగా పెట్టి తలుపు వైపు చూసింది.

ఆయన రాలేదు. "పనిలో పడితే పెళ్లాం గుర్తుంటుందా!" అని విసుక్కుంది. హోరు తగ్గి, ఆగిపోయింది. లోపల చప్పట్లు వినిపించాయి. గట్టెక్కిందన్నమాట! రానీ, చెప్తాను ఈయన పని, అనుకుంది.

చప్పట్లు ఉన్నట్టుండి ఆగిపోయాయి. ఫిట్టర్ వచ్చి గుమ్మం పట్టుకున్నాడు.

"అన్నయ్య... బల్లమీద మోచెయ్యి, అద్దానికి అరచెయ్యి అలాగే ఉన్నాయి వదినా. ఎప్పట్లాగే అదురు చూస్తున్నాడనుకున్నాం. తట్టి చూస్తే ఊపిరి లేదు."

లోపలికి పరుగెత్తబోతూ కూడా ఆమె నడుమునున్న తాళాలగుత్తి లాగి పెట్టెలో పడేసింది. చెయ్యి అలవాటు మరవలేదు.

సాయంత్రం ఆయన్ని తీసుకుని ఆమె వెళ్లిపోయాక, ఒక్కొక్కరే వచ్చి తలొంచుకుని తమ వస్తువులు తీసుకున్నారు. ఎవరో పెట్టె మూత వేశారు. లోపల తాళాలగుత్తి పక్కన, ఆయన గడిలో, ఆ చిన్న మిషన్ కొత్త బ్యాటరీతో సన్నగా కూస్తూనే ఉంది.