తేలే నేల మీద పేకాట

అమెరికా దక్షిణ తీరంలోని బిలాక్సీలో అప్పట్లో జూదశాల నేల మీద కట్టడానికి చట్టం ఒప్పుకునేది కాదు. అందుకే అన్నీ ఒడ్డుకు గొలుసులతో కట్టేసిన పెద్ద పెద్ద బల్లకట్ల మీదే తేలుతుండేవి. పైన తివాచీలు, దీపాలు. కింద నీళ్లు. ఎర్లీన్ తండ్రిని రొయ్యల పడవతో సహా మింగేసినవి ఆ నీళ్లే. అప్పటినుంచి ఆమె వంతెన దాటాలన్నా కళ్లు మూసుకునేది. కానీ ఏళ్ల తరబడి రొయ్యలు ఒలిచిన కంపెనీ మూతపడ్డాక, ఊళ్లో దొరికే పని ఇదొక్కటే: జూదశాలలో పేకముక్కలు పంచడం.

శిక్షణ ఇచ్చే డెల్మర్ లాస్ వేగస్ మనిషి. పంచడం కన్నా ముందు ఆడటం రావాలంటాడు.

"ఈ పేకాట పేరు కరీబియన్ స్టడ్, చాలా తేలిక. ముందు ఒక పందెం బిళ్ల పెట్టండి. మీకు ఐదు ముక్కలు, నాకు ఐదు. నావాటిలో ఒక్కటే మీకు కనిపిస్తుంది. మీ ముక్కలు బాగుంటే ఇంకో రెండు బిళ్లలు పెట్టండి. లేదా పడేసి, మొదటిది వదులుకోండి. నాకు ఆసూ రాజూ కలిసి గానీ, కనీసం ఒక జత గానీ పడకపోతే నేను ఆటలో లేనట్టే."

ఎర్లీన్ తలూపింది. కానీ నేల కాస్త ఊగితే చాలు, చేతిలో ఏమున్నాయో చూడకుండానే పడేసేది.

పక్క కుర్చీలో లాన్. రొయ్యల కంపెనీలో ఆమె పక్కనే నిలబడి పనిచేసిన వియత్నాం మనిషి. ఎర్లీన్ పడేసిన ముక్కలు తిప్పి చూసి నెత్తి కొట్టుకుంది.

"ఒసేయ్, రాణుల జత పారేశావే! ఇవి ఉత్త ప్లాస్టిక్ బిళ్లలు. నీ మొగుడి సొమ్మేం కాదు!"

అంతలో దక్షిణపు గాలి విసిరికొట్టింది. బయట గొలుసులు మూలిగాయి. గది మొత్తం ఒక పక్కకి ఒరిగి, బిళ్లల దొంతరలు కూలిపోయాయి. ఎర్లీన్ కుర్చీ వెనక్కి తోసింది. లేచి నిలబడింది.

"నావల్ల కాదు. నే పోతున్నా."

లాన్ ఆమె మణికట్టు పట్టుకుంది. లాన్ చెయ్యే మంచుగడ్డలా ఉంది.

"కూర్చోవే. నువ్వు లేస్తే నేనూ పరిగెడతా."

"నీకేం భయం? చిన్న పడవలో సముద్రమే దాటొచ్చావు."

"దాటొచ్చాను కాబట్టే! రోజూ పొద్దున్నే వాంతి చేసుకుని వస్తున్నా. నోరు మూస్తే ఏడుపొస్తుందని వాగుతుంటా."

ఎర్లీన్ లాన్ వైపు చూసింది. మెల్లగా కూర్చుంది.

"ఆపమంటారా, మిస్ ఎర్లీన్?" అన్నాడు డెల్మర్.

"వద్దు. పంచండి."

ఏడుల జత వచ్చింది. డెల్మర్ ముందు రాజు కనిపిస్తోంది. కాళ్ల కింద ఏదో గరగరమంది. చెమట పట్టిన వేళ్లతో ఎర్లీన్ రెండు బిళ్లలు ముందుకు తోసింది.

డెల్మర్ మిగతా ముక్కలు తిప్పాడు. ఆసు లేదు, జతా లేదు.

"నేను ఆటలో లేను. మొదటి బిళ్లకి ఇంకో బిళ్ల. తర్వాత పెట్టిన రెండూ మీవి మీకే."

"ఇంత చచ్చీ చెడీ ఒక్క బిళ్లా?"

లాన్ పగలబడి నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

మధ్యాహ్నానికి కూడా గాలి తగ్గలేదు. ఒడ్డుకొచ్చి కూర్చున్నా ఇద్దరికీ రొట్టె గొంతు దిగలేదు.

"రేపొస్తావా?" అంది లాన్.

"నువ్వొస్తే వస్తా," అంది ఎర్లీన్, నీళ్ల వైపు చూడకుండా.