లెక్కలోకి రాని అజ్జి మాటలు

ఉప్పు జాడీ మూత ఎవరు తీసిపెట్టారన్న దగ్గర మొదలైంది ఆ పొద్దుటి రగడ. తడి చేత్తో ఉప్పు తీసి మూత పెట్టకుండా వదిలేసింది కోడలేనని హనుమక్క, మూతను ఎక్కడో పెట్టి మరిచిపోయింది అత్తేనని ఉమాదేవి. అత్త కన్నడంలో అంటుంటే కోడలు తెలుగులో బదులిస్తోంది. ఆ వంటింట్లో ఎప్పుడూ అంతే. హనుమక్క కర్ణాటక వైపు మొలకాల్మూరు నుంచి రాయదుర్గానికి కోడలిగా వచ్చి తల నెరిసిపోయినా ఇంట్లో పుట్టింటి భాష మానలేదు. ఉమాదేవి దాన్ని అర్థం చేసుకోవడం నేర్చుకుందే గానీ నోటికి ఎక్కించుకోలేదు.

"ముచ్చళ తా," అంది హనుమక్క కోపంలో, గడప మీద కూర్చున్న మనవరాలితో.

రెండున్నరేళ్ల పద్మప్రియ లేచి, రోటి వెనక్కి దొర్లిపోయిన మూతను తెచ్చి అవ్వ చేతిలో పెట్టింది. హనుమక్క జాడీ మూసి, అప్పుడు నాలుక కరుచుకుంది. ఉమాదేవి చూడనట్టే పొయ్యి వైపు తిరిగింది గానీ ఆ మాట ఆమె చెవిలో ఉండిపోయింది. పాపతో కన్నడం మాట్లాడకూడదని ఇంట్లో కట్టడి ఉంది. మరి ఇంత తడుముకోకుండా మూత తెచ్చిందంటే, తాను లేనప్పుడు ఏం జరుగుతున్నట్టు?

కట్టడి పెట్టింది ఉమాదేవి భర్త విష్ణువర్ధన్. ఊళ్లో చిన్న జీన్స్ యూనిట్ నడుపుతాడు. కుట్టు పూర్తయిన ప్యాంట్లకు వేలాడే దారాలు కత్తిరించేచోట పగలంతా ఉమాదేవి ఉంటుంది. పాప అవ్వ దగ్గర పెరుగుతోంది. ఈడు పిల్లలు వసపిట్టల్లా వాగుతుంటే పద్మప్రియ అమ్మానాన్నల ముందు ఒకటీ అరా మాటలతో సరిపెట్టేది. చేర్పించాలనుకున్న బడిలో టీచరమ్మ, ఇంట్లో రెండు భాషలుంటే పిల్ల తికమకపడుతుందని తేల్చేసింది. అప్పటి నుంచి విష్ణువర్ధన్‌ది ఒకటే పాట. పాపకు మాటలు తక్కువని ఇంకొకరు కూడా అంటే అమ్మను మొలకాల్మూరులో అక్క ఇంట్లో దించి వస్తానని. ఉమాదేవి సరే అనలేదు, వద్దనీ అనలేదు. పాప తనను కాదని అవ్వ కొంగు పట్టుకున్న రోజుల్లో ఆ ఆలోచన ఆమెకు అంత చెడ్డగా తోచలేదు కూడా.

ఆ ఇంకొకరు వనజాక్షి. సరిహద్దు ఊళ్లలో చిన్నపిల్లలకు మాటలు ఎలా వస్తాయో చూడటానికి విశ్వవిద్యాలయం నుంచి వచ్చానంది. మొదటిసారి వచ్చినప్పుడు, ఇంట్లో ఏయే భాషలు మాట్లాడతారని అడిగింది. ఎవరూ నోరు తెరవకముందే ఉమాదేవి మామ బయ్యన్న, "తెలుగే అమ్మా, ఇంగేముండాది ఈడ," అనేశాడు.

బయ్యన్న పద్ధతి అది. చేను చూడటానికి ఆఫీసు నుంచి ఎవరు వస్తున్నారని తెలిసినా నీళ్లు పడుతున్న బోరు మీద ఎండు చెనిక్కాయ మొక్కల కట్టె కుప్పగా వేసి కప్పేసి, ఎండిపోయినాదప్పా అనేవాడు. కరువు సాయం రాసుకునేవాళ్లకు ఉన్నది చూపిస్తే రావలసింది కూడా రాదని ఆయన నమ్మకం. కన్నడం అని చెబితే ఇది మీ ఊరు కాదని హనుమక్క పేరు రేషన్ కార్డులోంచి ఎత్తేస్తారని, వనజాక్షి వెళ్లాక అందరికీ వివరించాడు. ఉమాదేవి డిగ్రీ చదివింది. అలా తీసెయ్యరని తెలుసు. అయినా, చంటిపిల్ల ఏం వాగుతుందో వినడానికి పని గట్టుకుని బస్సెక్కి వచ్చే మనిషిని ఎంతవరకు నమ్మాలో ఆమెకూ తెలియలేదు. అందుకే ఊరుకుంది.

ఉప్పు జాడీ రగడ అయిన కాసేపటికే వనజాక్షి రెండోసారి వచ్చింది. హనుమక్కను వంటింట్లోంచి రావద్దని బయ్యన్న ముందే చెప్పి ఉంచాడు. వనజాక్షి చాప మీద కూర్చుని, అట్టల మీద బొమ్మలు ఒక్కొక్కటే చూపించింది. కుక్క, పిల్లి, చెప్పులు, వాన. పిల్లి బొమ్మ దగ్గర పాప పెదవులు కదిలాయి. వంటింటి వైపు చూసింది. అక్కడ అవ్వ తలుపు చాటున నిలబడి తల అడ్డంగా ఊపింది. పాప నోరు మూసుకుంది. వాన బొమ్మ దగ్గరా అంతే. ఇదంతా ఉమాదేవికి కనిపిస్తూనే ఉంది.

వనజాక్షి బొమ్మలు సర్దుకుంటూ, పాప చెప్పిన మాటలు వయసుకు బాగా తక్కువేనంది. ఇంట్లో ఇంకో భాష ఉంటే మాత్రం లెక్క వేరంది. "రెండు భాషల మధ్య పెరిగే పిల్లలకు కొన్ని మాటలు ఒక భాషలో వస్తాయి, కొన్ని రెండో భాషలో. రెండూ కలిపి లెక్కపెట్టాలి. ఒక్కటే చూస్తే వెనకబడ్డట్టు కనిపిస్తారు. అందుకే మళ్లీ అడుగుతున్నా. వేరే భాష ఏమైనా ఉందా అమ్మా?"

నిజం చెబితే మంచిదని ఆశపెట్టి కూపీ లాగే పద్ధతి ఇదేనేమో అనిపించింది ఉమాదేవికి. మామ గొంతు సవరించుకున్నాడు. "లేదు మేడం, తెలుగే," అంది ఆమె.

అలాగైతే అనంతపురంలో పిల్లల డాక్టరుకు చూపించమని రాసిస్తానని, రేపు ఇంకోసారి వస్తానని చెప్పి వనజాక్షి వెళ్లిపోయింది. బయ్యన్న ఆ కబురు వెంటనే కొడుక్కి ఫోనులో చేరవేశాడు.

ఉమాదేవి యూనిట్‌కు బయలుదేరినట్టే వెళ్లి, వీధి చివరి నుంచి వెనక్కి వచ్చింది. తలుపు చప్పుడు కాకుండా తోసి, పెరటి గుమ్మం పక్కన నిలబడింది. సొంత ఇంట్లో దొంగలా నిలబడటం ఏమిటని సిగ్గేసినా కదల్లేదు.

పెరట్లో హనుమక్క చేటలో కొర్రలు చెరుగుతోంది. పాప పక్కన గొంతుక్కూర్చుని ఆగకుండా మాట్లాడుతోంది. రాలిన గింజల కోసం వాలిన పిచ్చుకను చూసి గుబ్బి అంది, అది లేచిపోతే "గుబ్బి హారి హోతు" అంది. గోడ మీది పిల్లిని బెక్కు అని పిలిచింది. అవ్వ తొట్టిలోంచి చెయ్యి ముంచి నీళ్లు చిలకరిస్తే "అజ్జి, మళె బంతు," అని గెంతింది. వాన వచ్చిందట. పొద్దున బొమ్మలో చూసి చెప్పకుండా మింగేసిన వాన.

ఉమాదేవి నీడ గుమ్మంలో పడింది. పాప తలెత్తి, తల్లి దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, పిట్ట పోయె," అంది ఆకాశం వైపు చెయ్యి చూపిస్తూ. అవ్వకు ఒక మాట, అమ్మకు ఒక మాట. తికమకేమీ లేదు.

హనుమక్క చేట కింద పెట్టింది. ఆమె నిజంగా కోపమొస్తేనే తెలుగులోకి దిగేది. "పొంచి ఉండి వింటివా? ఆయమ్మను పిలిపిచ్చిందీ నువ్వే. నన్ను ఊరికి తోలేకి నీకొక సాక్షి కావల్ల."

"నేను పిలిపీలేదత్తా."

"ఊరికే వస్తారా ఎవురైనా?"

ఆ ప్రశ్న పొద్దుటి నుంచి తానూ వేసుకుంటున్నదే. ఉమాదేవి పాపను ఎత్తుకుని లోపలికి పోయింది.

సాయంత్రం అత్త సంగటి కెలికింది, కోడలు రోట్లో చెనిక్కాయల ఊరిబిండి నూరింది. పళ్లేలు ముందు పెట్టుకుని అందరూ కూర్చున్నాక విష్ణువర్ధన్ విషయం ఎత్తాడు. అక్కతో మాట్లాడినాను, ఆదివారం అమ్మను బస్సెక్కిస్తా అన్నాడు. పాపకు మాటలు వచ్చేదాకానే అన్నాడు. హనుమక్క సంగటి ముద్దను వేలితో నొక్కుతూ ఉండిపోయింది, తినలేదు. బయ్యన్న పళ్లెంలోంచి తలెత్తలేదు.

"ఆదివారం ఎవురూ యాడికీ పోరు," అంది ఉమాదేవి.

విష్ణువర్ధన్ తినడం ఆపాడు. "నీకూ ఇష్టమే కదా?"

"ఉన్నింది. ఇప్పుడు లేదు. పాపకు మాటలు లేక కాదు, మనం దాచిపెట్టినాము. బోరుకు కట్టె కప్పినట్ల. ఎండిపోయినాదని వాళ్లు రాసుకుంటాండారు."

"ఆయమ్మ ఎట్లాంటిదో ఏం తెలుసు నీకు?" అన్నాడు బయ్యన్న. "రేపు కార్డులో పేరు ఎత్తేస్తే?"

"ఎట్లాంటిదో నాకూ తెలీదు మామా. నాకూ అనుమానమే. కార్డులో పేరు ఎత్తేస్తే నేనే ఆఫీసు చుట్టూ తిరుగుతా. రేపు ఆయమ్మ వస్తే, ఈ పొద్దు చెప్పింది అబద్ధమని నా నోటితో చెప్తా. అత్త చాప మీద పాప పక్కన కూర్చుంటాది. బొమ్మలు అత్తే చూపిస్తాది, కన్నడంలోనే. రెండూ కలిపి రాసుకోనీ."

హనుమక్క కోడలి ముఖం కేసి చాలాసేపు చూసింది. నమ్మినట్టు లేదు ఆ చూపు. ఉప్పు జాడీ తన వైపు లాక్కుని, చిటికెడు తీసుకుని, మూత తిరిగి బిగించింది.

"రేపు చూస్తాంలే," అంది తెలుగులో. సంగటి ముద్ద తుంచి నోట్లో పెట్టుకుంది.