ఇంకా నాలుగుంది

మొగుడి యూనిఫాం బకెట్లో వేసేముందు గట్టిగా దులపాలి. లేకపోతే నీళ్ళు నల్లబడి, మిగతా బట్టలకూ ఆ మరక పట్టేస్తుంది. ఆరేళ్ళుగా ఆమె చేస్తున్న పని ఇది. బ్యాటరీ ఫ్యాక్టరీలో ఒకప్పుడు బట్టలుతికే గది ఉండేది. ఖర్చు తగ్గించాలని దాన్ని మూసేశాక, షిఫ్టు దిగిన మగాళ్ళంతా బట్టలకంటిన సీసం పొడితోనే ఇంటికి రావడం మొదలైంది. ఉతకడానికి పెళ్ళాలున్నారుగా, జీతం బత్తెం లేకుండా!

ఆమెదీ ఆ ఫ్యాక్టరీలోనే ఉద్యోగం, ల్యాబులో. నెలకోసారి షెడ్లలో చిన్న పంపు పెట్టి, అది పీల్చిన గాలిలో సీసం ఎంతుందో తేల్చి రిజిస్టర్లో రాయాలి. ఘనమీటరు గాలికి యాభై మైక్రోగ్రాములు దాటకూడదు. పోయిన నెల నలభై ఆరొచ్చింది.

"ఇంకా నాలుగుంది కదమ్మా, దానికెందుకు మొహం అలా పెడతావు?" అని నవ్వాడు మేనేజరు.

ఆ యాభై ఎవరిని చూసి లెక్కకట్టారో ఆయనకూ తెలుసు. దిట్టమైన మగమనిషి, ఎనిమిది గంటల పని, మిగతా పదహారు గంటలూ ఇంట్లో మంచి గాలి. ఆ ఇంటి గాలి ఎవరైనా వచ్చి చూశారా? గాడిదగుడ్డేం కాదూ!

క్రేనును అది ఎత్తే బరువుకు రెండింతలు తట్టుకునేలా చేస్తారు. యజమాని ఆర్నెల్ల జీతాలకు సరిపడా డబ్బు బ్యాంకులో కదపకుండా ఉంచుతాడు. ఆమె ఇంట్లో అలాంటి మిగులంతా ఆమె ఒళ్ళే. ఎవరికి జ్వరమొచ్చినా ఆమె సెలవే, ఎవరికి అన్నం చాలకపోయినా ఆమె కంచమే. "తను సర్దుకుంటుందిలే" అన్నమాట మొగుడి నోటా అత్త నోటా అరిగిపోయింది. ఆమె కూడా సర్దుకుంటూనే వచ్చింది, వెర్రిమొహంలాగా.

కానీ మొన్నటిదాకా గలగలలాడిన కూతురు ఈమధ్య మాటలు తగ్గించేసింది. కడుపునొప్పని ముడుచుకుని పడుకుంటోంది. అమ్మ బట్టలు దులుపుతుంటే పక్కన కూర్చుని, నేలమీద పడ్డ పొడిలో వేలితో బొమ్మలు గీయడం దానికి ఆట. ఒకరోజు ఆ వేలు నోట్లోకి పోతుంటే ఆమె చటుక్కున పట్టుకుని లాగింది.

"పిల్లలన్నాక దుమ్ములో ఆడరా? చోద్యం కాకపోతే!" అంది అత్త.

ఆదివారం పిల్లని అత్త గదిలో ఉంచి, తలుపేసి, ల్యాబు పంపును పిల్ల కూర్చునే చోట పెట్టింది. రోజూ దులిపినట్టే దులిపింది. సోమవారం ల్యాబులో అంకె తేల్చింది. నూట పన్నెండు. దాన్ని రిజిస్టర్లో ఎక్కించి, మొగుడికి ఫోన్ చేసి చెప్పింది. షిఫ్టు మధ్యలో ల్యాబుకి పరుగెత్తుకొచ్చాడు. పిల్లకోసమే అనుకుంది.

"ఎవరైనా చూశారా? ముందా పేజీ చించెయ్" అన్నాడు రొప్పుతూ. "వచ్చే నెల నా ప్రమోషన్. పిల్లని డాక్టరుకి చూపిద్దాం, బట్టలు బయట ఉతికిద్దాం. మనింటి సంగతి మనింట్లోనే ఉండనీ."

"మిగతా ఇళ్ళల్లో పిల్లల సంగతో?"

"వాళ్ళకి అమ్మలు లేరా ఏంటి?"

ఆమె రిజిస్టరు దగ్గరికి లాక్కుని, ప్రభుత్వ తనిఖీ ఆఫీసుకి వెళ్ళే నకలు మీద కార్బన్ కాగితం సరిచేసింది. నూట పన్నెండు రాసిన వరసలో ఒక్క గడి ఖాళీగా ఉంది. 'కార్మికుని వయసు' అన్నచోట, కింది కాగితం మీద కూడా బాగా పడేలా కలం నొక్కి రాసింది: మూడేళ్ళు.