స్లాబు ఆగిన రోజు

అల్లుణ్ణి పనిలో పెట్టుకున్న రోజు నుంచీ మేస్త్రీకి నోరు కట్టేసినట్టయింది.

ఆయన గొంతు వీధి మలుపు దాకా వినపడేది. "ఒరేయ్, ఆ పలక వంకరగా ఉంది, కళ్లు నెత్తికెక్కాయా?" అని పైనుంచి అరిస్తే, కింద ఇసుక జల్లించేవాడు కూడా తననే అన్నాడనుకుని ఉలిక్కిపడేవాడు. అలాంటి మనిషి అల్లుడి దగ్గరికొచ్చేసరికి, "ఆ చువ్వలు కాస్త ఇటు అందిస్తారా అండీ" అనేవాడు. కూలీలు మొహాలు అటు తిప్పుకుని నవ్వుకునేవాళ్లు. తట్టలు మోసే ఆడవాళ్లలో పెద్దామె, అందరూ పెద్దక్క అని పిలిచే ఆవిడ, మొహం మీదే అనేసింది.

"మేస్త్రీ, నువ్వు పని చేయిస్తున్నావా, మర్యాదలు చేస్తున్నావా?"

"కూతుర్నిచ్చానే తల్లీ. ఏరా అనమంటావా?"

అల్లుడు అంతకుముందు ఒక ప్రెస్సులో అచ్చుయంత్రం నడిపేవాడు. కిటికీలు కూడా సరిగా లేని గదిలో, ట్యూబులైటు కింద గడిచిన ఒళ్లు అది. ప్రెస్సు మూతపడ్డాక కొన్నాళ్లు తిరిగి తిరిగి, చివరికి తనే వచ్చి అడిగాడు. "మామయ్యా, మీతో వస్తాను. ఊరికే కూర్చుని తినలేను." ఆ మాటకి మేస్త్రీ మనసులో పొంగిపోయాడు.

స్లాబు వేసేనాటికి అల్లుడు పనిలోకొచ్చి వారం కూడా కాలేదు. సూర్యోదయానికే మొదలుపెట్టాలని మేస్త్రీ పథకం. కానీ కాంక్రీటు కలిపే మిక్సరు దారిలో ఎక్కడో ఆగిపోయి, బాగా పొద్దెక్కాక వచ్చింది. రేపటికి వాయిదా వేద్దామంటే ఇంటి యజమాని ఒప్పుకోలేదు. "మనుషులంతా వచ్చారు, సామానంతా దిగింది, ఇంకేం అడ్డం?" అన్నాడు. నిజమేననిపించి మేస్త్రీ కూడా తలూపాడు.

స్లాబు ఒకసారి మొదలుపెడితే మధ్యలో ఆపరు. పోసింది గట్టిపడేలోగా పక్కది పోయాలి. లేకపోతే అతుకు దగ్గర పగులొచ్చి వానకి కారుతుంది. అందుకే ఆ రోజు ఎవరికీ ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. కింద మిక్సరు గిర్రున తిరుగుతుంటుంది, మెట్ల మీద తట్టలు చేతులు మారుతుంటాయి, పైన ఇనుప చువ్వలు కాళ్ల కింద కొలిమిలా కాలుతుంటాయి.

ఆడవాళ్లందరూ చీరల మీద మగవాళ్ల పాత ఫుల్‌హ్యాండ్స్ చొక్కాలు తొడుక్కుని, తలకీ మెడకీ గుడ్డ చుట్టుకున్నారు. మేస్త్రీ తలకి తడి తువ్వాలు. అల్లుడు మాత్రం పొట్టి చేతుల నల్ల బనీను వేసుకుని, తలకేమీ చుట్టుకోకుండా వచ్చాడు. పెద్దక్క తన దగ్గరున్న గుడ్డ ఇవ్వబోతే, "నాకలవాటు లేదక్కా, చిరాగ్గా ఉంటుంది" అని నవ్వేశాడు.

ఎండ నడినెత్తికి వచ్చింది. మేస్త్రీ అల్లుడి వైపు చూశాడు. మెడ వెనక చర్మం ఎర్రగా కమిలిపోయి ఉంది.

"అల్లుడుగారూ, ఎండ ఎక్కువగా ఉంది. కాసేపు నీడన కూర్చుంటారేమో..."

"ఫర్వాలేదు మామయ్యా. మీరు కూర్చున్నారా ఏంటి?"

ముప్ఫై ఏళ్లుగా స్లాబు రోజున ఆయన కూర్చున్నది లేదు. పనివాళ్లకి అదే గొప్ప, ఆయనకీ అదే గొప్ప. "అయితే నీళ్లన్నా తాగండి" అని మళ్లీ పనిలో పడిపోయాడు.

ముందు కనిపెట్టింది పెద్దక్కే. అల్లుడు తట్ట అందుకుని, పోయాల్సిన చోట పోయకుండా స్లాబు అంచు దాకా నడిచి కిందికి ఒంపబోయాడు. ఆవిడ గబుక్కున రెక్క పట్టుకుని లాగింది.

"ఏంటయ్యా, ఎటు పోతున్నావు?"

"కాగితం ఇరుక్కుంది" అన్నాడు అతను. "మిషను ఆపండి. కాగితం ఇరుక్కుంది."

కింద మిక్సరు గురించి అంటున్నాడనుకున్నారు ఎవరో. పెద్దక్క మాత్రం అతని చెంప మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేసింది. ఒళ్లు పెనంలా కాలుతోంది. పొద్దుట కారిన చెమట బనీను మీద ఉప్పు చారలై ఎండిపోయింది. కొత్త చెమట చుక్క లేదు.

"మేస్త్రీ! నీ అల్లుడు మన లోకంలో లేడు!"

మేస్త్రీ చేతిలో తాపీ అక్కడే పడేసి వచ్చాడు. అల్లుడు ఆయన్ని చూసి గుర్తుపట్టలేదు. విదిలించుకుని మళ్లీ తట్ట కోసం వంగాడు.

"ఒరేయ్! వదలరా దాన్ని!"

ఆ కేకకి స్లాబు మీద ప్రతి చెయ్యీ ఆగిపోయింది. అల్లుడు మోకాళ్ల మీద కూలబడ్డాడు. మేస్త్రీ అతన్ని పసిపిల్లాడిలా భుజాన వేసుకుని మెట్లు దిగాడు. ఆ వయసులో ఆ బలం ఎక్కడిదో తర్వాత ఆయనకే అర్థం కాలేదు. కింద, మేడ నీడలో, ఇటుకలు నానబెట్టే తొట్టి ఉంది. బనీను చింపేసి, మెడ దాకా అతన్ని అందులో దించారు. తల మునక్కుండా మేస్త్రీ చేత్తో పట్టుకుని కూర్చుంటే, పెద్దక్క మగ్గుతో నెత్తి మీద నీళ్లు పోస్తూనే ఉంది. మిగతావాళ్లు ఖాళీ సిమెంటు సంచులతో గాలి విసిరారు.

ఇంటి యజమాని పరుగున వచ్చాడు. తొట్టిలో మనిషిని చూసి ఒక్క క్షణం బిత్తరపోయి, వెంటనే ఫోను తీసి అంబులెన్సుకి చెప్పాడు. తర్వాత పైకి చూశాడు.

"మేస్త్రీ, కూలీలంతా కిందే ఉంటే... స్లాబు సగంలో ఉంది కదా."

"ఆపెయ్యండి."

"అతుకు కారదూ?"

"కారితే పగలగొట్టి మళ్లీ పోస్తాను. ఇంకెవరూ పైకెక్కడానికి వీల్లేదు. మిక్సరు కట్టెయ్!"

మిక్సరు ఆగింది. మధ్యాహ్నం పూట ఆ వీధి అంత నిశ్శబ్దంగా ఉంటుందని వాళ్లెవరికీ తెలియదు.

ఆసుపత్రిలో అతను మూడు రోజులు కళ్లు సరిగా తెరవలేదు. "తొట్టిలో వేసి మంచి పని చేశారు, లేకపోతే ఇక్కడిదాకా వచ్చేవాడు కాదు" అంది డాక్టరమ్మ. కిడ్నీలు దెబ్బతిన్నాయని, కోలుకుంటాయో లేదో చూడాలని కూడా అంది. ఎండలో కొత్తగా పనిచేసేవాళ్లకి ఒళ్లు అలవాటు పడటానికే వారం పది రోజులు పడుతుందట. అప్పటిదాకా పని కొంచెం కొంచెంగా పెంచాలట. మేస్త్రీ చేతులు కట్టుకుని విన్నాడు.

బయట వరండాలో బల్ల మీద కూతురు కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి.

"ఆయనకి చెప్పొచ్చుగా నాన్నా?"

"చెప్పానమ్మా."

"ఎలా చెప్పావు? కాసేపు నీడన కూర్చుంటారా అండీ అనా?"

మేస్త్రీ భుజం మీది తువ్వాలు తీసి ఆమెకి అందించబోయాడు.

"ఇంకెవరైనా అయితే జుట్టు పట్టుకుని లాక్కొచ్చేవాడివి. నా మొగుడని మర్యాద ఇచ్చి చంపేసేవాడివే."

అని, వెంటనే తండ్రి భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన ఆ తల నిమురుతూ ఉండిపోయాడు.

అల్లుడు బతికాడు. కిడ్నీలు మెల్లగా దారికొచ్చాయి. కుడిచేతికి వణుకు మాత్రం మిగిలింది. అచ్చుయంత్రమైనా, తట్టైనా ఇక ఆ చేత్తో కాదు. ఎండలోకి వెళితే మళ్లీ వడదెబ్బ తగలొచ్చని గట్టిగా చెప్పి పంపారు. కొన్నాళ్లకి ఒక టైల్స్ గోడౌనులో సరుకు చూసుకునే పని దొరికింది. ఉత్సాహంగానే వెళ్తున్నాడు. కూతురు మాత్రం, మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగి ఆ చేతి వంక చూస్తుంటుంది.

ఆగిన చోట స్లాబు అంచుని మేస్త్రీ స్వయంగా చెక్కి, సిమెంటు పాలు పోసి, మిగతాది తెల్లవారకముందే మొదలుపెట్టి ఎండ ముదిరేలోగా పూర్తిచేశాడు. వానాకాలంలో అక్కడ చెమ్మ పట్టింది. అన్న మాట ప్రకారం పగలగొట్టి మళ్లీ వేశాడు.

తర్వాత ఏ పనికి పిలిచినా ముందే చెప్పేవాడు. నడిమధ్యాహ్నం పని ఉండదు, నీడకి ఆకుపచ్చ వల కట్టనిదే ఎవరూ పైకెక్కరు, తలకి గుడ్డ లేకుండా, పొట్టి చేతుల చొక్కాతో వచ్చినవాణ్ణి గుమ్మంలోంచే పంపేస్తాను. ఒకాయన అంతా విని, "నీకు వయసైపోయింది మేస్త్రీ" అని ఇంకొకరికి పని ఇచ్చేశాడు. ఇద్దరు కుర్ర కూలీలు కూడా అటే వెళ్లారు. మేస్త్రీ వాళ్లని ఆపలేదు.

కొత్త పనిచోట మొదటి మధ్యాహ్నం వల కింద అందరూ కూర్చున్నారు. మేస్త్రీ కూడా కూర్చున్నాడు. కానీ కాళ్లు నిలవలేదు. సగం కట్టిన గోడ వంక చూసి, తాపీ వంక చూసి, లేవబోయాడు. ఆయన్ని చూసి ఇద్దరు ముగ్గురు చేతులు దులుపుకుంటూ లేవసాగారు.

"కూర్చో మేస్త్రీ" అంది పెద్దక్క కళ్లు మూసుకునే. "నువ్వు లేస్తే వీళ్లెవరూ కూర్చోరు."

ఆయన కూర్చున్నాడు. వాళ్లూ కూర్చున్నారు. ఎదురుగా గోడ మీద ఎండ పచ్చి సున్నంలా మెరుస్తోంది. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆ ఎండ గోడ మీంచి జారిపోయేదాకా ఆయన అలాగే చూస్తూ ఉండిపోయాడు.